ఎఫ్‌ఎం రేడియో, ఆన్‌లైన్ స్ట్రీమింగ్: కోనరావుపేట ప్రాంతపు ఇళ్లలో మేలైన వినికిడి

కోనరావుపేట రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇక్కడా, చుట్టుపక్కల సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లోనూ ఇంట్లో కూర్చుని పాట వినే సదుపాయం మీడియం వేవ్, ఎఫ్‌ఎం, ఇంటర్నెట్ అనే మూడు దశల్లో వచ్చింది. ఈ మూడింటిలో ధ్వని నాణ్యతను తేల్చేది మాధ్యమం పేరు కాదు. రేడియోకైతే ట్రాన్స్‌మిటర్ ఎంత దూరం అన్నది, స్ట్రీమింగ్‌కైతే బిట్‌రేటు, అంటే సెకనుకు వచ్చే డేటా, ఎంత అన్నది ముఖ్యం.

మీడియం వేవ్ కాలం

హైదరాబాదులోని దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1950 ఏప్రిల్ 1 నుంచి ఆకాశవాణిలో భాగమైంది. 738 కిలోహెర్ట్జ్‌పై వచ్చే హైదరాబాదు కేంద్రం పల్లెపల్లెకూ చేరింది. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటుకుని చాలా దూరం పోతాయి. అయితే ఈ బ్యాండులో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందువల్ల సన్నాయి, వీణ వంటి వాద్యాల్లోని పైస్థాయి స్వరాంశాలు చాలావరకు కోసుకుపోతాయి. ఉరుములు, మోటార్లు పుట్టించే గరగర కూడా పాటతో పాటే వినిపిస్తుంది.

ఎఫ్‌ఎం రాక

అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందిన ఎఫ్‌ఎం పద్ధతి ఈ గరగరను బాగా అణచింది. భారతదేశంలో ఆకాశవాణి 1977లో మద్రాసులో ఎఫ్‌ఎం మొదలుపెట్టింది. ఉత్తర తెలంగాణలో ఆదిలాబాదు, నిజామాబాదు కేంద్రాలు ఎఫ్‌ఎం మీద పనిచేస్తున్నాయి, నిజామాబాదుది 103.2 మెగాహెర్ట్జ్. 2006లో హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చాయి. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గరి మాచనూరులో మొదలైన సంఘం రేడియో, పల్లె మహిళలే నడిపే కేంద్రంగా పేరుపొందింది.

ఎఫ్‌ఎంలో 15 కిలోహెర్ట్జ్ వరకు స్వరం వస్తుంది. 19 కిలోహెర్ట్జ్ పైలట్ సంకేతం సాయంతో స్టీరియో కూడా అందుతుంది. దీనికి పెద్ద పరిమితి దూరం. ఈ తరంగాలు దాదాపు చూపుమేర వరకే పోతాయి. 100 మీటర్ల టవరు నుంచి 9 మీటర్ల ఎత్తున్న డాబా మీది యాంటెనాకు లెక్క ప్రకారం అందే దూరం సుమారు 53 కిలోమీటర్లు. నిజామాబాదు కోనరావుపేటకు నేరుగా కొలిచినా 60 కిలోమీటర్లకు పైనే. సంకేతం బలహీనమైనప్పుడు ముందుగా దెబ్బతినేది స్టీరియో. అలాంటి చోట మోనోకు మార్చితే గరగర బాగా తగ్గుతుంది. ఎత్తైన డాబా మీద దిశ చూసి బిగించిన యాంటెనా ఇంకా ఎక్కువ మేలు చేస్తుంది.

స్ట్రీమింగ్ దశ

స్ట్రీమింగ్‌కు ముందే, 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ, ఆకాశవాణి చానళ్లను డిజిటల్ రూపంలో పల్లె ఇళ్లకు చేర్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చవకయింది. ఫోనులో పాట వినడం మామూలైంది. గానా, సావన్, 2019లో దేశంలోకి వచ్చిన స్పాటిఫై పాటల భాండాగారాలను తెరిచాయి. ఆకాశవాణి తన కేంద్రాలను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో పెట్టడంతో, టవరు అందని ఊళ్లోనూ తెలుగు కేంద్రాలు వినిపించసాగాయి.

నాణ్యత పోలిక

సెకనుకు 320 కిలోబిట్ల వేగంతో వచ్చే పాట గంటకు సుమారు 144 మెగాబైట్ల డేటా తీసుకుంటుంది. సాధారణ స్పీకర్ల మీద దీన్ని సీడీ నుంచి వేరు చేయడం కష్టం. సీడీ ధ్వని బిట్‌రేటు సెకనుకు 1,411 కిలోబిట్లు. ఏమీ కోల్పోకుండా కుదించే ఎఫ్‌ఎల్‌ఏసీ పద్ధతి ఆ డేటా భారాన్ని బాగా తగ్గిస్తుంది. ఇందుకు భిన్నంగా, తక్కువ బిట్‌రేటుతో వచ్చే స్ట్రీమ్ కంటే బలంగా పట్టిన ఎఫ్‌ఎం స్టేషన్ ధ్వనే మేలుగా ఉండవచ్చు. ఎఫ్‌ఎం కేంద్రాలు చాలావరకు మెల్లని స్వరాన్ని పెంచి, గట్టి స్వరాన్ని తగ్గించి పంపుతాయి. దానివల్ల శాస్త్రీయ సంగీతంలోని హెచ్చుతగ్గులు చదునవుతాయి. సాంచాలు (మరమగ్గాలు) నడిచే సిరిసిల్ల ఇళ్లలో మాత్రం ఇదే పద్ధతి పాటను చప్పుడు మీదుగా వినబడేలా చేస్తుంది.

ప్రస్తుత స్థితి

2023 ఏప్రిల్ 28న ఆకాశవాణికి దేశవ్యాప్తంగా 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు చేరాయి. ఒక్కొక్కటి 100 వాట్లది. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 234 కొత్త పట్టణాల్లో ప్రైవేటు ఎఫ్‌ఎంకు అనుమతినిచ్చింది. ఆ జాబితాలో కరీంనగర్ ఉంది. 2017లో జాతీయ కేంద్రాలకు ఎఫ్‌ఎం ఆపేసిన నార్వే దారి ఇక్కడికి సరిపడదు. ఎందుకంటే బ్యాటరీతో నడిచే ఎఫ్‌ఎం రేడియోకు డేటా రీఛార్జి అక్కర్లేదు, కరెంటు పోయినా మోగుతుంది. శ్రద్ధగా సంగీతం వినడానికి మంచి బిట్‌రేటు స్ట్రీమింగ్ ముందుంది. వార్త, వాతావరణ హెచ్చరిక, దగ్గరి కేంద్రపు మాట అందరికీ ఖర్చు లేకుండా చేరాలంటే ఎఫ్‌ఎం నిలవాలి. అందుకే ఈ ప్రాంతానికి రెండూ కావాలి.