వేలు ఒకరిది, తలపు ఇంకొకరిది

2013 ఆగస్టు 12. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. ప్రొఫెసర్ రాజేశ్ రావు తలకు ఎలక్ట్రోడ్ల టోపీ. హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్న మనిషి. ఎదురుగా తెర మీద వీడియో గేమ్. దొంగల ఓడ నుంచి ఊరి మీదికి రాకెట్ వస్తే ఫిరంగి పేల్చాలి. సరుకుల విమానం వస్తే ఊరుకోవాలి. రాకెట్ వచ్చింది. రావు చెయ్యి కదపలేదు. కదుపుతున్నట్టు మనసులో అనుకున్నారంతే.

క్యాంపస్ అవతలి పక్క ఇంకో ల్యాబ్‌లో తోటి పరిశోధకుడు ఆండ్రియా స్టోకో. నెత్తిన ఊదారంగు ఈత టోపీ. కుడిచేతిని ఆడించే మెదడు భాగం ఎడమ పక్కన ఉంటుంది. సరిగ్గా దాని మీద అయస్కాంత కాయిల్. చెవుల్లో ఇయర్‌బడ్లు, చూపు తెర మీద లేదు. రావు తలపు ఇంటర్నెట్ మీదుగా వచ్చి కాయిల్‌ను తట్టింది. స్టోకో చూపుడువేలు దానంతటదే కదిలి స్పేస్‌బార్ నొక్కింది. ఫిరంగి పేలింది. తన ప్రమేయం లేకుండా నరం అదిరినట్టుందని ఆయన తర్వాత చెప్పారు.

నన్నడిగితే ఫిరంగి కంటే ఆ వేలే అసలు కథ. నొక్కింది ఎవరు? ఒప్పుకోని మనిషి మీద, తెలియకుండా ఇది సాగదని ప్రయోగంలో పాలుపంచుకున్న స్టోకో భార్య శాంటెల్ ప్రాట్ అప్పుడే చెప్పారు. నిజమేలెండి, అంత మిషను నెత్తి మీదికొస్తే ఎవరికి తెలియదు!

ఈ గొడవ నూజివీడు మామిడి తోటలకెందుకు అనొద్దు. బంగినపల్లి అయినా రసమైనా కొమ్మ దులిపి రాల్చేది కాదు. తొడిమ తెగితే సొన కారి కాయ మచ్చపడుతుంది. చిక్కం అందని చోటికి మనిషే ఎక్కాలి. కాలు జారితే వెన్నుపూసే. మెడ దగ్గర వెన్నుపాము తెగినా మెదడు చురుగ్గానే ఉంటుంది. ‘చెయ్యెత్తు’ అన్న దాని మాటే చెయ్యి దాకా చేరదు. తెగిన దారిని వదిలేసి ఆ మాటను నేరుగా కంప్యూటరుకు చేర్చడమే ఈ విద్య.

అమెరికాలో నోలాండ్ ఆర్బాకు అది అందింది. ఈతకు దూకి మెడ కింద చచ్చుబడిన కుర్రాడు. 2024 జనవరిలో మెదడులో న్యూరాలింక్ కంపెనీ చిప్ పెట్టారు. తలపుతోనే చదరంగం ఆడాడు. కొన్ని వారాలకే మెదడులోకి దించిన సన్నని తీగలు చాలావరకు జారిపోయాయి. సాఫ్ట్‌వేర్ మార్చి దారికి తెచ్చారు.

తీగలైతే సర్దుకున్నాయి. కంపెనీయే సర్దేసుకుంటే? ఆస్ట్రేలియాలో మూర్ఛ ఉన్న ఒకామెకు, ఫిట్స్ రాబోతుంటే ముందే హెచ్చరించే పరికరం అమర్చారు. భయం పోయి బయట తిరగసాగింది. 2013లో డబ్బు చాలక ఆ పరికరం చేసిన కంపెనీ చేతులెత్తేసింది, పరికరం తీయించుకోవాలన్నారు. ఇల్లు తాకట్టు పెట్టయినా కొనుక్కుంటామని భార్యాభర్తలు బతిమాలారు. కుదరదన్నారు. తీసేశారు.