ఒంటి సత్తువను బట్టి ఆట

మనసు బాగాలేనప్పుడు ఏం చేయాలి, ఒళ్లు అలిసినప్పుడు ఏ వ్యాపకం పెట్టుకోవాలి అన్నది ఇవాళ పట్టణాల్లో ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి అయింది. దుమ్ముగూడెం నుంచి భద్రాచలం మీదుగా పాపికొండల దాకా గోదావరికి రెండు వైపులా ఉన్న కోయ, కొండరెడ్డి గూడేల్లో చాలాకాలం ఆ చిక్కు ఇంతగా లేదు. ఏ నెలలో ఒంట్లో ఎంత ఓపిక ఉంటుందో గూడెం మొత్తానికి తెలుసు. ఆటా పాటా, చేతిపనీ, కథా ఆ లెక్కన ఏడాది పొడవునా సర్దుకున్నాయి. ఇది తరాల అనుభవం మీద నిలిచిన తెలివి అని, వాళ్ల అశ్రద్ధ వల్ల కాక వాళ్ల కాలం మీద పరాయి పెత్తనం వల్లే చెదిరిందని నా వాదన.

ఏడాదిని ఒకసారి చూద్దాం. వానాకాలంలో దున్నకం, నాట్లు, కలుపు మనిషిని పిండేస్తాయి. పాత గింజలు అడుగంటేదీ అప్పుడే. మామిడి టెంకల జావతో, జీలుగు మాను నుంచి తీసిన పిండితో పూటలు గడిచిన రోజులవి. అలాంటప్పుడు ఎవరూ డోలు ఎత్తి గెంతరు. ముసురు పట్టిన రోజున చూరు కింద కూర్చుని వెదురు చీల్చి బుట్టలు, తడికెలు అల్లుకోవచ్చు, పిల్లలకు కథ చెప్పుకోవచ్చు. చేతులు ఆడతాయి, ఒళ్లు కుదుటపడుతుంది. పంట చేతికి వస్తుంటే కొత్తల పండుగలు మొదలవుతాయి. కోతలు ముగిసి గాదె నిండాక, మాఘ పున్నమికి, రెండేళ్లకోసారి మేడారం జాతర; అంత దూరం నడిచే బలం కాళ్లకు ఉండేది ఆ రోజుల్లోనే. తర్వాత ఇప్పపూలు రాలతాయి, తాటికల్లు వస్తుంది, చేలో పని ఉండదు. తెల్లవారుజామున పూలేరి, ఎండ ముదిరాక నీడన పడుకుని, చల్లబడ్డాక ఆటకు లేస్తారు. విత్తనాల పండుగ, వేటతో కూడిన భూమి పండుగ, రేల, కొమ్ము నృత్యం అన్నీ అక్కడికే చేరాయి.

ఈ లెక్క ఒక్క ఆట లోపల కూడా కనిపిస్తుంది. అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ అమర్చిన తలపాగతో, మెడలో పెద్ద డోలుతో, దున్నల్లా ఒకరినొకరు కుమ్ముకుంటూ ఆడే మగవాళ్ల వంతు గట్టి ఒళ్లున్న వాళ్లది. ఆడవాళ్ల రేల వేరు. చేయీ చేయీ పెనవేసుకుని, వరసగా, వంగుతూ లేస్తూ అడుగులు వేస్తారు. ఒకరు ఎత్తుకున్న పాటను మిగతావాళ్లు అందుకుంటారు. పాట తెలిసినామె ముందుంటుంది, అలిసినామె పక్కవాళ్ల ఊపు మీద సాగిపోతుంది, ఇంకా అలిస్తే చేయి విడిపించుకుని గట్టున కూర్చుని గొంతు కలుపుతుంది. దిగులుగా ఉన్న మనిషి మొదట వినేవాళ్లలో ఉండి, తర్వాత వరసలో కలవవచ్చు. వెలి పడినట్టు ఎవరికీ అనిపించదు. వ్యాయామశాలకు డబ్బు కట్టి, ఓపిక లేని రోజున వెళ్లలేక కుమిలిపోయే మనిషికి దొరకని వెసులుబాటు ఇది.

దీని మీద అభ్యంతరాలున్నాయి, వాటిలో బలమూ ఉంది. వేట, బుట్టల అల్లిక బతుకుతెరువు కదా, సరదా ఎలా అవుతాయని అడగవచ్చు. నిజమే, కానీ పనికీ వినోదానికీ మధ్య గీత గీసుకున్న సమాజం కాదది. భూమి పండుగ వేటలో ఊరి మగవాళ్లంతా కలిసి వెళ్తే తలా ఒక ముక్కే దక్కేది. కలిసి పోవడమే అక్కడ అసలు సంగతి. ఇంకా గట్టి ప్రశ్న బలవంతం గురించి. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లే ఆచారం ఉన్నచోట ఇష్టానికి తావెక్కడ? ఆ ఒత్తిడి ఉన్నమాట కాదనలేం. కానీ అది బలమున్న కాలంలో, ఏడాదిలో ఒక్క పండుగకే వచ్చింది. ఆకలి నెలల్లో ఆ పట్టు సడలింది. ఆకలిని అందంగా చూపిస్తున్నారన్న మాట కూడా రావచ్చు. ఆకలిలో అందం లేదు. ఆకలి ఉందని ఒప్పుకుని ఆటను దానికి తగ్గట్టు తగ్గించుకోవడంలో వివేకం ఉంది.

ఈ కాలగతిని దెబ్బతీసినవి బయటి నుంచి వచ్చాయి. 1874లో భద్రాచలం ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు వచ్చి, పోడు మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు బిగిశాయి. నది ఇవతల నిజాం వైపున, పాల్వంచ సంస్థానంలోని కొండరెడ్ల స్థితిని 1940లలో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నమోదు చేశాడు. కలప, వెదురు వ్యాపారుల కింద అప్పుల్లో కూరుకున్న మనిషికి ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో తేల్చుకునే హక్కు పోయింది. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది. అడవిదున్నల కోసం అది అవసరమే, వేట లేకపోయినా పండుగ నిలిచింది కూడా. తన పొద్దు తన చేతిలో లేని కూలికి మాత్రం ఏ పండుగా పూర్తిగా దక్కదు.

ఇవాళ కొమ్ము నృత్యం ప్రభుత్వ సభల్లో, ఊరేగింపుల్లో ఏ నెలలోనైనా, మిట్టమధ్యాహ్నమైనా కనిపిస్తుంది. కళాకారులకు డబ్బూ గౌరవమూ వస్తున్నాయి, అవి రావాలి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ రావడం ఈ ప్రాంతానికి నిజమైన ఆనందం. కానీ అయిదు నిమిషాల ప్రదర్శనలో అలిసినామె గట్టున కూర్చోలేదు, చూసేవాళ్లు వరసలో కలవలేరు. ఊళ్లో ఆట నిలబడాలంటే పిల్లలు ఆ రోజుల్లో ఊళ్లో ఉండాలి. ఆశ్రమ పాఠశాలల వేసవి సెలవులు భూమి పండుగ రోజులతో కలుస్తున్నాయి కాబట్టి రేల అడుగులు నేర్చుకునే వీలు ఇంకా మిగిలింది. కొత్తల పండుగలు బడి రోజుల్లో వస్తాయి. భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని బడులకు, గూడెం పెద్దలు పండుగ నిర్ణయించిన రోజుల్లో స్థానిక సెలవు ఇవ్వాలి.