నెల్లూరు తీరమున గాలి చేసిన పని

క్రీ. శ. రెండవ శతాబ్దములో శాతవాహన రాజులు వేయించిన సీసపు నాణెములు కొన్ని మన తూర్పు తీరమున దొరికినవి. వాటి మీద రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ ఉన్నది. రాజులు నాణెముల మీద ఏనుగును, సింహమును వేయించుట సామాన్యము. ఇక్కడ వారు ఒక యంత్రమును వేయించినారు. ఓడను యంత్రమనుట ఏమి అని విద్యార్థులు అడుగవచ్చును. ప్రకృతిలోని శక్తిని పట్టి మనకు కావలసిన పనిలోనికి మార్చే సాధనమేదైనా యంత్రమే. గాలిలోని శక్తితో వందల మణుగుల సరకును సముద్రము దాటించిన తెరచాప ఓడ ఆ కాలపు యంత్రాలన్నింటిలోను పెద్దది.

అయితే ఒక సందేహము కలుగుతుంది. ఇంతకాలము ఓడలను నడిపిన ఈ గాలి చేత నెల్లూరు రైతు నీరెందుకు తోడించలేదు? పారశీక దేశమున సీస్తాన్ ప్రాంతమువారు వెయ్యేండ్ల క్రిందటనే గాలిమరలతో ధాన్యము విసిరినారు. హాలండు వారు గాలిమరలతో పల్లపు నేలల నుండి నీటిని తోడివేసినారు. ఆ హాలండు వారే పదునేడవ శతాబ్దము మొదట పులికాటులో కోట కట్టుకొని వ్యాపారము చేసినారు. అయినను మన మెట్టలలో కపిల, ఏతము తప్ప గాలిమర వాడుకలోనికి రాలేదు.

కారణము తెలియవలెనంటే ముందుగా ఈ తీరపు గాలుల తీరు చూడవలెను. వేసవిలో పగటి ఎండకు నేల త్వరగా కాగుతుంది, సముద్రము నిదానముగా కాగుతుంది. నేల మీది వేడిగాలి తేలికై పైకి లేచినప్పుడు సముద్రము మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. నెల్లూరువారు మే నెలలో మధ్యాహ్నము దాటిన తరువాత ఎదురు చూచేది ఈ గాలి కొరకే. అది రాని నాడు వడగాలి ప్రాణము తీస్తుంది. జూను నుండి సెప్టెంబరు వరకు గాలి నైరుతి, పడమర దిక్కుల నుండి వీస్తుంది. అక్టోబరులో అది మొగము తిప్పుకొని ఈశాన్యము నుండి వస్తుంది. తెరచాప ఓడ నడిపేవాడు ఈ పంచాంగమును చూచుకొని ఉత్తరానికి ఒక కాలములో, దక్షిణానికి మరొక కాలములో బయలుదేరేవాడు. గాలి లేకున్న రేవులో ఆగేవాడు. సరకు పది దినములు ఆలస్యమైతే లాభము తగ్గునే గాని మొత్తము మునిగిపోదు.

మునిగేది తుఫానులోనే. చీరాలకు సమీపమున ఉన్న మోటుపల్లిలో, వీరభద్రేశ్వరాలయమున, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనమున్నది. తిక్కన సోమయాజి నెల్లూరిలో ఉన్న కాలము ఇంచుమించు ఇదే. పూర్వపు రాజులు గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుర్రములను, రత్నములను బలవంతముగా తీసుకొనేవారట. తాను అట్లు చేయననియు, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచిపెట్టుదుననియు గణపతిదేవుడు అందులో మాట ఇచ్చినాడు. సుంకము ముప్పదింట ఒక వంతు. గాలిని ఏ రాజూ అదుపు చేయలేడు. కాని గాలి వలన నష్టపోయినవానిని రాజు మరల దోచకుండ ఉండవచ్చును. వ్యాపార చరిత్రలో చదివే ఈ శాసనమును విజ్ఞాన శాస్త్రపు తరగతిలో కూడ చదివించదగునని నా అభిప్రాయము.

ఐదు వందల సంవత్సరాల తరువాత కూడ పరిస్థితి మారలేదు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకొన్న ఫ్రెంచి నౌకాదళము, మరుసటి నెలలో వచ్చిన తుఫానుకు అక్కడనే ఛిన్నాభిన్నమైనది. ఈశాన్య ఋతువులో ఈ తీరమున ఓడ నిలుపుట ఎంత ప్రమాదమో అందరికీ తెలిసిన విషయమే. పందొమ్మిదవ శతాబ్దములో తీరము వెంబడి తవ్విన బకింగుహాము కాలువ ఈ చిక్కును కొంత తీర్చినది. ఇసుక దిబ్బల చాటున, అలలు లేని నీటిలో, శ్రీహరికోట కట్టెలు, ఉప్పు పడవల మీద మద్రాసుకు పోయేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకున్న గెడతో తోసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ త్రాటితో లాగేవారు.

ఇప్పుడు మన సందేహమునకు వద్దాము. ఒక చదరపు మీటరు చట్రమును గాలికి అడ్డముగా పెట్టినామనుకొనండి. వేగము రెట్టింపైతే ఆ చట్రములో నుండి సెకనుకు పోయే గాలి రెట్టింపగును. ఆ గాలిలో ప్రతి కిలోగ్రాముకు ఉండే చలనశక్తి నాలుగు రెట్లగును. కనుక మొత్తము సామర్థ్యము ఎనిమిది రెట్లు. సెకనుకు 3 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు సుమారు 16 వాట్లు, 6 మీటర్ల గాలిలో 130 వాట్లు, 12 మీటర్ల గాలిలో 1,000 వాట్లకు పైగా ఉంటుంది. ఘనపు మీటరు గాలి బరువును 1.2 కిలోగ్రాములుగా తీసుకొని ఉపాధ్యాయులు ఈ లెక్కను పిల్లల చేత వేయించవచ్చును. ఇందులో కూడ 59 శాతమునకు మించి ఏ మరయు గ్రహించలేదని జర్మను శాస్త్రజ్ఞుడు బెట్జ్ 1920 ప్రాంతమున నిరూపించినాడు. గాలి అంతయు మరలోనే ఆగిపోతే వెనుక వచ్చే గాలికి దారి ఉండదు గదా!

అంటే గాలి సగము తగ్గితే పని ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. వర్తకుడు గాలి కొరకు ఆగగలడు. నాటిన మడి ఆగలేదు. గాలి పడిన వారము రోజులలో పైరు ఎండిపోతుంది. ఎద్దులు మాత్రము గాలి ఉన్నా లేకున్నా కపిల లాగుతవి. మన రైతు గాలిమరను ఎరుగక విడిచినాడనుట కంటె, ఎద్దును నమ్మినాడనుట న్యాయముగా తోచుచున్నది.

విద్యుత్తు వచ్చిన తరువాత ఈ లెక్క మారినది. ఒక చోట గాలి పడినప్పుడు మరొక చోటి జలవిద్యుత్తో, బొగ్గు విద్యుత్తో అదే తీగెలలో వస్తుంది. రైతు గాలి కొరకు ఆగవలసిన పని లేదు. మన దేశములో విద్యుత్ తీగెలకు కలిపిన మొదటి గాలిమర 1985లో గుజరాతులోని వేరావల్ వద్ద నిలిచినది. మన రాష్ట్రములో నెల్లూరు దాపున పెన్న ఒడ్డున ఉన్న నరసింహకొండ మీద కూడ గాలి వేగమును కొలిచినారు. అయినను పెద్ద గాలిమరలు ఎక్కువగా అనంతపురము, కర్నూలు, కడప ప్రాంతములకే పోయినవి. రామగిరి వంటి గుట్టల మీద నైరుతి గాలికి అడ్డు తక్కువ.

తీరమున మరొక భయమున్నది. 1989 నవంబరులో సయాము సింధుశాఖలో పుట్టిన తుఫాను ఒకటి బంగాళాఖాతమంతయు దాటివచ్చి కావలి వద్ద తీరము తాకినది. దాని గాలి గంటకు 200 కిలోమీటర్లు మించినది. సెకనుకు 60 మీటర్లనుకొంటే చదరపు మీటరుకు సుమారు 1,30,000 వాట్లు, అనగా 6 మీటర్ల గాలికి వెయ్యి రెట్లు. నేటి గాలిమరలు 3, 4 మీటర్ల వేగము వద్ద పని మొదలుపెట్టి, 25 మీటర్లు దాటగానే రెక్కలను గాలి వాలుకు తిప్పుకొని ఆగిపోతవి. తుఫాను వేళ తెరచాప దించుకొనిన సరంగు చేసిన పని కూడ ఇదే.

కట్టెల పడవలు బయలుదేరిన ఆ శ్రీహరికోట నుండియే 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు లేచినది. రాకెట్టును వదలుటకు ముందు అక్కడి శాస్త్రజ్ఞులు బెలూనులను ఎగురవేసి పైగాలుల వేగమును, దిక్కును కొలుస్తారు. గాలి మితిమీరితే ప్రయోగమును ఆపి, తగ్గువరకు వేచి ఉంటారు.