కరిగిపోయే స్టెంట్ల పైపూతలు

గుండె రక్తనాళంలో పూడిక తీసిన చోట, నాళం మళ్లీ మూసుకుపోకుండా నిలబెట్టే సన్నని జాలీ గొట్టమే స్టెంట్. నాళం కుదుటపడే తొలి నెలల్లోనే దాని అవసరం ఎక్కువ. ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయేలా మెగ్నీషియం, ఇనుము వంటి లోహాలతోనో పాలిలాక్టిక్ ఆమ్లం అనే పాలిమర్‌తోనో కొన్ని స్టెంట్లను తయారుచేస్తారు. వాటి పైపూత మందును కొద్దికొద్దిగా వదలాలి, లోహం ఎంత త్వరగా కరగాలో నిర్ణయించాలి, చివరికి తానూ మాయమవ్వాలి.

కరిగే వేగమే అసలు చిక్కు అని గుండె స్టెంట్లు పుట్టకముందే తెలిసింది. బెల్జియం శస్త్రవైద్యుడు ఆల్బిన్ లాంబోట్ 1907 ప్రాంతంలో విరిగిన కాలి ఎముకకు మెగ్నీషియం పలకను ఉక్కు మేకులతో బిగించాడు. 8 రోజులకే పలక ముక్కలై, చర్మం కింద వాయువు ఉబ్బింది. మెగ్నీషియం నీటితో చర్య జరిపితే హైడ్రోజన్ వాయువు, హైడ్రాక్సైడ్ పుడతాయి. ఆ హైడ్రాక్సైడ్ పొర లోహాన్ని కొంత కాపాడగలదు కానీ, ఒంటి ద్రవాల్లోని క్లోరైడ్ దాన్ని నిలవనివ్వదు. పక్కనే ఉక్కు ఉంటే తుప్పు మరింత వేగంగా పడుతుంది.

జపాన్ వైద్యుడు హిదియో తమాయ్ బృందం 1998లో మనుషుల గుండె నాళాల్లో అమర్చిన పాలిమర్ స్టెంట్‌కు మందు పూత లేదు. మరుసటి ఏడాది బ్రెజిల్‌లోని సావో పావ్‌లోలో సిరోలిమస్ మందు పూసిన శాశ్వత లోహ స్టెంట్‌ను తొలిసారి రోగులకు అమర్చారు. నాళం మళ్లీ పూడుకుపోవడం బాగా తగ్గింది. అయితే మందు అయిపోయాక కూడా ఆ పూతలోని పాలిమర్ అక్కడే ఉండిపోయేది. ఏడాది దాటాక నాళంలో రక్తం గడ్డలు కట్టడానికి అదీ ఒక కారణమన్న అనుమానం బలపడింది.

పూత లేని మెగ్నీషియం స్టెంట్ ఫలితాలు 2007లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. 63 మందికి 71 స్టెంట్లు వేశారు. గడ్డలు కట్టలేదు. కానీ దాదాపు 4 నెలల్లోనే లోహం కరిగిపోయింది, ఏడాది తిరిగేసరికి 45 శాతం మందికి అదే చోట మళ్లీ చికిత్స చేయాల్సి వచ్చింది. తయారీదారైన జర్మనీ సంస్థ బయోట్రానిక్ మిశ్రమ లోహాన్ని మార్చి, ముందు పాక్లిటాక్సెల్, తర్వాత సిరోలిమస్ ఉన్న కరిగే పూతలు వేసింది. అలా వచ్చిన మాగ్మారిస్‌కు 2016లో ఐరోపా అనుమతి దక్కింది. పాత స్టెంట్ కంటే ఇది మెరుగుపడటంలో పూతకు పెద్ద వాటాయే ఉంది, మొత్తం ఘనత మాత్రం దానిది కాదు.

గట్టి పూతలన్నీ స్టెంట్‌కు పనికిరావు. ఎముక స్క్రూలకు బాగా నప్పే కాల్షియం ఫాస్ఫేట్ పెళుసు. బెలూన్‌తో స్టెంట్‌ను విప్పగానే అది పగులుతుంది, ఆ పగులులోంచే తుప్పు మొదలవుతుంది. అందుకే లోహాన్ని ఫ్లోరైడ్‌తో శుద్ధి చేసి పలుచని పొర ఏర్పరచి, దానిమీద సాగే పాలిమర్ పూసే జోడు పద్ధతిపై పరిశోధన సాగింది.

ఇనుముది ఎదురు సమస్య, అది మరీ నిదానంగా కరుగుతుంది. 2001లో కుందేళ్లపై జరిగిన ప్రయోగాల్లోనే ఇది బయటపడింది. ఇక్కడ పాలిలాక్టిక్ పూత విచిత్రంగా ఉపకరిస్తుంది: తాను విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఆమ్లం విడుదల చేసి ఇనుము తుప్పును వేగిరపరుస్తుంది. తొలి నెలల్లో ఆ తొందర పనికిరాదు కాబట్టి, చైనాకు చెందిన లైఫ్‌టెక్ సంస్థ మధ్యలో జింక్ పొర వేసింది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలు ఇనుము–మాంగనీస్ మిశ్రమాలతో మరో దారి పట్టాయి.

పూత బాగున్నంత మాత్రాన స్టెంట్ నెగ్గదు. ఎవరోలిమస్ మందు పూసిన అబాట్ సంస్థ పాలిమర్ స్టెంట్ అబ్సార్బ్‌కు 2016లో అమెరికా అనుమతి వచ్చింది. దాని కడ్డీల మందం సుమారు 150 మైక్రాన్లు. గడ్డలు ఎక్కువగా కడుతున్నాయని తేలడంతో 2017లో అమ్మకాలు ఆగాయి. 2018 నాటి ఐరోపా మార్గదర్శకాలు కరిగే స్టెంట్లను పరిశోధనలకే పరిమితం చేశాయి. 2024లో అబాట్ కొత్త రూపం మోకాలి కింది నాళాలకు అమెరికాలో అనుమతి పొందింది. గుండె రోగుల్లో అత్యధికులకు నేటికీ వేస్తున్నవి మాత్రం శాశ్వత లోహ స్టెంట్లే.