మస్టరు రోల్‌లో లేని గడి

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్ళను కూలీలు తలలపై మోసి పరంజాలెక్కారు. అప్పటికి మనకున్న 1923 నాటి నష్టపరిహార చట్టం దెబ్బ తగిలాక సొమ్ము ఇప్పించేదే గాని, తగలకుండా చూసేది కాదు.

1970లలో నేను మరొక ప్రాజెక్టు డివిజన్‌లో ఎల్.డి.సి.ని. మస్టరు రోల్‌లో పేరుకు, హాజరుకు, కూలీ రేటుకు, వేలిముద్రకు గడులుండేవి. ఒకనాడు పైన రాయి పేర్చే ముఠా, సరిగ్గా క్రిందనే మట్టి తీసే ముఠా. రాయి జారింది. ఒక కూలీ పోయాడు. ఫైలులో 'కారణం: ప్రమాదవశాత్తు' అని వ్రాసింది నేనే. ముఠాల సంగతి తెలిసీ వ్రాయలేదు.

ఆ తర్వాత వచ్చిన సూపర్‌వైజరు గారు ముందునాటి సాయంత్రమే మరునాటి పనులు బోర్డుమీద గీసేవారు. ఒక ముఠా నెత్తిమీద మరొకటి ఉండరాదు. మందుగుండు పేల్చే వేళ, ఎర్రజెండా పట్టేవాడి పేరు ముందే తేలాలి. మేస్త్రీలు పరంజా కట్లు లాగి చూసి వచ్చాకే పని మొదలు. అరగంట కూలీ దండగని పైవారు గొణిగేవారు. ఆయన వినలేదు.

500 మంది పనిచేసే చోట భద్రతా కమిటీ ఉండాలన్న నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. అప్పుడు ఆ పాత ఫైలు రికార్డు రూములో వెతికించాను. గడువు తీరిందని తగులబెట్టారట.