టైడింగ్స్ ఇంటి మూడు ఎన్నికలు

1950 నవంబరు 7న పోలింగ్. దానికి కొద్ది రోజుల ముందు అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఇంటింటికీ నాలుగు పేజీల చిన్న పత్రిక ఒకటి చేరింది. పేరు 'ఫ్రమ్ ది రికార్డ్'. అందులో ఒక ఫొటో. కుడివైపు ఆ రాష్ట్ర సెనేటర్ మిలార్డ్ టైడింగ్స్. ఎడమవైపు కమ్యూనిస్టు పార్టీ మాజీ నాయకుడు ఎర్ల్ బ్రౌడర్. ఒకరు చెబుతుంటే ఇంకొకరు చెవి ఒగ్గి వింటున్నట్టు కనిపిస్తారు. నిజానికి టైడింగ్స్ బొమ్మ 1938లో ఆయన రేడియో వింటుండగా తీసింది. బ్రౌడర్ బొమ్మ మరెక్కడిదో తెచ్చి పక్కన అతికించారు.

ఇది అతికించిన బొమ్మ అని కింద వ్యాఖ్యలో ఒక మాట ఉంది. పట్టుబడితే చూపించుకోవడానికి ఆ మాట చాలు. సెనేట్ కమిటీలో బ్రౌడర్ సాక్ష్యం చెప్పాక టైడింగ్స్ ఆయనకు థాంక్స్ చెప్పాడని కూడా అదే వ్యాఖ్యలో ఉంది. అదీ అబద్ధం కాదు. సాక్షికి కమిటీ అధ్యక్షుడు చెప్పే మర్యాద మాటే అది. చిన్న చిన్న నిజాలను పక్కపక్కన పేర్చి పెద్ద అబద్ధాన్ని చూపించారన్నమాట. పత్రికను వేసింది 'బట్లర్ తరఫు యువ డెమోక్రాట్లు' అని అచ్చేశారు. బట్లర్ అంటే టైడింగ్స్‌కు రిపబ్లికన్ ప్రత్యర్థి. తయారైంది మాత్రం టైడింగ్స్ మీద పగబట్టిన 'వాషింగ్టన్ టైమ్స్-హెరాల్డ్' పత్రిక వాళ్ల చేతుల్లో. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ఆఫీసు మనుషులూ సాయం పట్టారు.

టైడింగ్స్ ఓడిపోయాడు. అమెరికా రాజకీయ చరిత్ర పుస్తకాల్లో ఈ ఓటమి ఫొటో పక్కనే కనిపిస్తుంది, ఫొటోయే ఓడించిందన్నట్టు. అంత తేలికైన లెక్క కాదది. దాన్ని తెలుసుకోవాలంటే పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి, ఇదే మనిషి ఇంతకంటే పెద్ద దాడిని తట్టుకుని నిలబడ్డ ఏడాదికి.

మిలార్డ్ టైడింగ్స్ పుట్టింది 1890లో, ససక్వహానా నది చెసపీక్ అఖాతంలో కలిసేచోట ఉన్న హావర్ డి గ్రేస్ అనే చిన్న ఊళ్లో. ఇంజనీరింగ్ చదివాడు, తర్వాత లా చదివాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి పతకాలు తెచ్చుకున్నాడు. 1926లో సెనేట్‌కు ఎన్నికయ్యాడు. ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇచ్చేందుకు దారి వేసిన 1934 నాటి చట్టానికి ఆయన పేరే ఉంది. డెమోక్రాట్ అయినా, సొంత పార్టీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 'న్యూ డీల్' పథకాల్లో చాలావాటికి అడ్డం తిరిగాడు. 1937లో సుప్రీంకోర్టు జడ్జిల సంఖ్య పెంచాలన్న రూజ్‌వెల్ట్ ప్రయత్నాన్నీ వ్యతిరేకించాడు. మాట పదును, తల పొగరు రెండూ ఉన్న మనిషి.

రూజ్‌వెల్ట్‌కు ఓపిక నశించింది. 1938లో తన దారికి అడ్డొచ్చిన సొంత పార్టీవాళ్లను ప్రైమరీల్లోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లోనే, ఓడించాలని బయల్దేరాడు. మేరీల్యాండ్‌లో టైడింగ్స్ మీదకు డేవిడ్ లూయిస్‌ను నిలబెట్టాడు. లూయిస్ సామాన్యుడు కాడు. తొమ్మిదేళ్ల వయసులోనే బొగ్గుగనిలో కూలికి దిగి, సొంతంగా చదువుకుని లాయరై, కాంగ్రెస్ దాకా వెళ్లినవాడు. ప్రతినిధుల సభలో సోషల్ సెక్యూరిటీ బిల్లు పెట్టినవాళ్లలో ఒకడు. వ్యక్తిగా తూచి చూస్తే టైడింగ్స్ కంటే ఆయనే బరువైన అభ్యర్థి అనుకోవచ్చు.

అప్పుడు టైడింగ్స్ ఇచ్చిన జవాబు చూడాలి. న్యూ డీల్ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి ఆయన దిగనే లేదు. దిగితే నష్టమని తెలుసు, ఆ పథకాల వల్ల కడుపు నిండినవాళ్లు రాష్ట్రంలో లక్షల మంది. ఆగస్టులో రేడియోలో మాట్లాడుతూ ఆయన ఎత్తుకున్న అంశం ఒక్కటే: మేరీల్యాండ్ సెనేటర్ ఎవరో తేల్చాల్సింది మేరీల్యాండ్ వాళ్లు, వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లు కాదు. ఈ మాట అక్కడ బాగా పండింది. దానికి తగిన నేల ముందే ఉంది. 1920లలో మద్యనిషేధాన్ని అమలు చేయడానికి మేరీల్యాండ్ సొంత చట్టమేదీ చేయకుండా మొండికేసింది. అప్పుడు 'బాల్టిమోర్ సన్' సంపాదకుడు హామిల్టన్ ఓవెన్స్ సగం సరదాగా 'ఫ్రీ స్టేట్' అనే పేరును ప్రచారంలో పెట్టాడు. ఆ పేరు రాష్ట్రానికి అతుక్కుపోయింది. బయటివాళ్లు వచ్చి మాకు చెప్పేదేమిటన్న బింకం దానితోపాటే వచ్చింది.

సెప్టెంబరు 5న, కార్మిక దినోత్సవం నాడు, రూజ్‌వెల్ట్ స్వయంగా రాష్ట్ర తూర్పు తీరంలోని డెంటన్‌కు వచ్చి లూయిస్ పక్కన నిలబడి ప్రసంగించాడు. వారం తిరిగేసరికి ప్రైమరీ. టైడింగ్స్ పెద్ద ఆధిక్యంతో గెలిచాడు. అధ్యక్షుడు రావడం లూయిస్‌కు మేలు చేయకపోగా, టైడింగ్స్ చేస్తున్న ఫిర్యాదుకు కళ్లెదుటి సాక్ష్యంగా మారింది. ఆ ఏడాది జార్జియాలో వాల్టర్ జార్జ్, దక్షిణ కరొలినాలో ఎల్లిసన్ స్మిత్ కూడా ఇలాగే నెగ్గుకొచ్చారు. కానీ రూజ్‌వెల్ట్‌నే మట్టికరిపించిన మగాడన్న పేరు టైడింగ్స్‌కు ఎక్కువగా అంటుకుంది. ఆ పేరే ఆయనకు తర్వాత చేటు తెచ్చిందని ఈ వ్యాసకర్త అనుమానం.

ఇక 1950. ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో మెకార్తీ చేసిన ప్రసంగం దేశాన్ని ఊపేసింది. విదేశాంగ శాఖ కమ్యూనిస్టులతో నిండిపోయిందని, తన దగ్గర పేర్ల జాబితా ఉందని ఆయన అన్నాడు. ఆ ఆరోపణల మీద విచారణకు సెనేట్ ఒక ఉపసంఘం వేసింది. అధ్యక్షుడు టైడింగ్స్. ముగ్గురు డెమోక్రాట్లు, ఇద్దరు రిపబ్లికన్లు. నెలల తరబడి విచారణ జరిగింది. జులైలో వచ్చిన నివేదిక మెకార్తీ ఆరోపణలను మోసం, బూటకం అని తేల్చేసింది. కాకపోతే దాని మీద సంతకాలు పెట్టింది ముగ్గురు డెమోక్రాట్లే. విచారణ నడిపిన తీరులో టైడింగ్స్ దూకుడు, వెటకారం దాచుకోలేదు. మెకార్తీని మాటలతో చిత్తు చేస్తే అయిపోతుందనుకున్నాడు. రిపబ్లికన్లు 'సున్నం కొట్టి మరకలు కప్పేశారు' అన్నారు. ఆ ఒక్క మాటే శరదృతువంతా మేరీల్యాండ్‌లో మార్మోగింది.

కాలం కూడా ఎదురు తిరిగింది. జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. అక్కడ కమ్యూనిస్టుల చేతుల్లో అమెరికా కుర్రాళ్లు చనిపోతుంటే, ఇక్కడ కమ్యూనిస్టుల మాటకు థాంక్స్ చెబుతున్నాడన్న ప్రచారానికి వేరే సాక్ష్యాలు అక్కర్లేదు. పైగా మెకార్తీ గురిపెట్టిన వాళ్లలో ముఖ్యుడు ఓవెన్ లాటిమోర్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్. టైడింగ్స్ మామగారు జోసెఫ్ డేవిస్ ఒకప్పుడు మాస్కోలో రాయబారిగా ఉండి సోవియట్ దేశాన్ని మెచ్చుకుంటూ పుస్తకం రాసినవాడు. గుడ్డ కాల్చి మొహాన వేయాలనుకున్నవాళ్లకు నూనె కూడా ఇంట్లోనే దొరికింది.

టైడింగ్స్ ప్రత్యర్థి జాన్ మార్షల్ బట్లర్ బాల్టిమోర్ లాయరు. రాష్ట్రంలో పెద్దగా ఎవరికీ తెలియదు. ప్రచారం నడపడానికి షికాగో నుంచి జాన్ జాంకెల్ అనే పబ్లిక్ రిలేషన్స్ నిపుణుణ్ని తెచ్చారు. ఆరోపణను రుజువు చేయాలని జాంకెల్ ఎన్నడూ తాపత్రయపడలేదు. అనుమానం చల్లారకుండా చూసుకుంటే చాలు. కూలికి మనుషులను పెట్టి చేతిరాతతో పోస్టుకార్డులు రాయించారు, అభ్యర్థి స్వయంగా రాసినట్టు. రేడియోలో చిన్న చిన్న ప్రకటనలు మళ్లీ మళ్లీ వేయించారు. మెకార్తీ తానే మేరీల్యాండ్ వచ్చి ప్రసంగాలు చేశాడు.

టైడింగ్స్ ఏం చేశాడు? చాలాకాలం ఏమీ చేయలేదు. సెప్టెంబరు చివరిదాకా సెనేట్ సమావేశాలే నడిచాయి. ఆయన సాయుధ బలగాల కమిటీ అధ్యక్షుడు, యుద్ధం నడుస్తోంది. పనిలో మునిగిపోయాడన్నది నిజమే. దాంతోపాటు ఈ తాటాకు చప్పుళ్లకు బెదిరేదేమిటన్న ధీమా కూడా. నాలుగుసార్లు గెలిచినవాడు, అధ్యక్షుణ్నే ఓడించినవాడు. ఈసారి కూడా బయటివాళ్లే వచ్చారు: మెకార్తీది విస్కాన్సిన్, జాంకెల్‌ది షికాగో. 1938 నాటి మంత్రం మళ్లీ పనిచేయాల్సిందే కదా.

పనిచేయలేదు. రూజ్‌వెల్ట్ వచ్చింది తన అభ్యర్థికి ఓటు అడగడానికి. అందుకే 'నీకెందుకు మా సంగతి' అనడం సరిపోయింది. మెకార్తీ వచ్చింది టైడింగ్స్ మీద అనుమానం నాటడానికి. అనుమానానికి ఊరూ పేరూ ఉండవు, ఎవరు నాటారని జనం అడగరు. ఫొటో అతికించిందని విడమరచి చెప్పాలంటే ముందు ఆ ఫొటో గురించే మాట్లాడాలి. బ్రౌడర్‌తో నాకు స్నేహం లేదని చెప్పాలంటే బ్రౌడర్ పేరు ఎత్తాలి. అది పంచేనాటికి అంత విడమరచి చెప్పే వ్యవధి కూడా లేదు. జాంకెల్ బృందానికి ఇది బాగా తెలుసు. టైడింగ్స్ ఆలస్యంగా తెలుసుకున్నాడు.

బట్లర్ 40 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచాడు.

అయితే ఇక్కడో మెలిక. అదే రోజు మేరీల్యాండ్ గవర్నర్ ప్రెస్టన్ లేన్ కూడా ఓడిపోయాడు, అంతకంటే పెద్ద తేడాతో. లేన్ మీద అతికించిన ఫొటోలేవీ లేవు. ఆయన తప్పల్లా 1947లో అమ్మకపు పన్ను తేవడం. డెమోక్రాట్ల ప్రైమరీలో జరిగిన కుమ్ములాట కూడా పార్టీని చీల్చింది. నల్లజాతి ఓటర్లకు, కార్మిక సంఘాలకు టైడింగ్స్ ఎన్నడూ దగ్గరివాడు కాడు. రూజ్‌వెల్ట్‌ను ఎదిరించి సంపాదించుకున్న పేరుకు మరోవైపు ఇదీ. అంటే ఫొటో లేకపోయినా ఆయన కుర్చీ కదిలేదే. సెనేట్‌లోని ఆయన తోటివాళ్లు మాత్రం ఈ లెక్కలేవీ వేయలేదు. మెకార్తీతో పెట్టుకుంటే టైడింగ్స్ గతి పడుతుందన్న భయం నాలుగేళ్లు సెనేట్‌ను ఏలింది. 1954 డిసెంబరులో 67–22 ఓట్లతో సెనేట్ మెకార్తీని అభిశంసించేదాకా అది పోలేదు.

టైడింగ్స్ ఫిర్యాదు మీద సెనేట్ విచారణ జరిగింది. 1951 ఆగస్టులో వచ్చిన నివేదిక ఆ ప్రచారాన్ని నీచమైనదని, సందుల్లో నడిపిన రకమని తిట్టిపోసింది. రాష్ట్ర ఎన్నికల చట్టాన్ని ఉల్లంఘించినట్టు జాంకెల్ కోర్టులో ఒప్పుకుని 5,000 డాలర్ల జరిమానా కట్టాడు. బట్లర్ సీటు జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆయన 1963 దాకా సెనేట్‌లో కూర్చున్నాడు. 1956లో టైడింగ్స్ మళ్లీ పార్టీ టికెట్ గెలుచుకుని కూడా అనారోగ్యంతో తప్పుకున్నాడు. 1961లో కన్నుమూశాడు.

కథ అక్కడితో ఆగలేదు. టైడింగ్స్ పెంపుడు కొడుకు జోసెఫ్, భార్య ఎలినార్‌కు మొదటి పెళ్లి ద్వారా పుట్టినవాడు, 1964లో అదే మేరీల్యాండ్ నుంచి సెనేట్‌కు గెలిచాడు. తండ్రికీ కొడుకుకీ రాజకీయంగా పోలిక తక్కువ. జోసెఫ్ పక్కా ఉదారవాది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ హత్యల తర్వాత తుపాకులకు రిజిస్ట్రేషన్, లైసెన్సు తప్పనిసరి చేయాలని బిల్లు పెట్టాడు. తుపాకీ యజమానుల సంఘాలు ఆయన్ను గుర్తుపెట్టుకున్నాయి. సుప్రీంకోర్టుకు అధ్యక్షుడు నిక్సన్ ప్రతిపాదించిన జడ్జి కార్స్‌వెల్‌ను అడ్డుకోవడంలో ముందున్నాడు. నిక్సనూ గుర్తుపెట్టుకున్నాడు.

1970 ఆగస్టులో, మళ్లీ ఎన్నిక ముంచుకొస్తుండగా, 'లైఫ్' పత్రికలో ఒక కథనం వచ్చింది. తనకు వాటాలున్న ఒక ఫ్లోరిడా కంపెనీ కోసం జోసెఫ్ పదవిని వాడుకున్నాడన్నది దాని సారం. దీని వెనుక నిక్సన్ సహాయకుడు చార్లెస్ కోల్సన్ చేయి ఉందని వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో బయటపడింది. తండ్రిలా కొడుకు ఊరుకోలేదు. వెంటనే ఖండించాడు. ప్రభుత్వమే విచారించి తేల్చాలన్నాడు. విదేశాంగ శాఖ విచారించింది కూడా. ఆయన తప్పేమీ లేదని తేలింది. ఆ ఫలితం జనానికి చెప్పింది మాత్రం పోలింగ్ అయ్యాక. దాదాపు 25 వేల ఓట్ల తేడాతో జోసెఫ్ ఓడిపోయాడు. తుపాకుల వాళ్లు సరే, వాషింగ్టన్ నగరానికి కఠినమైన నేర చట్టాన్ని సమర్థించినందుకు ఉదారవాదులు కూడా కొంత దూరమయ్యారు.

గెలిచిన గ్లెన్ బీల్ ప్రచారానికి వైట్‌హౌస్ రహస్య నిధి నుంచి డబ్బు అందిన సంగతి తర్వాతి కాలంలో రికార్డుకెక్కింది. 1970లో నిక్సన్ మనుషులు వాషింగ్టన్‌లోని ఒక టౌన్‌హౌస్ నుంచి నడిపిన నిధి అది. 1976లో సీటు తిరిగి తెచ్చుకోవాలని జోసెఫ్ డెమోక్రాట్ల ప్రైమరీలో దిగాడు. పాల్ సార్బేన్స్ చేతిలో ఓడిపోయాడు. నవంబరులో బీల్‌ను ఓడించింది కూడా ఆ సార్బేన్సే.