బియ్యం బండి కొట్టుబండయ్యింది

ఈ గాథలో తేదీలూ అంకెలూ నిజమైనవే. మనిషిని మాత్రం నేను కూర్చాను. రేషన్ బళ్ళు తోలినవాళ్ళలో ఒక్కణ్ణే పట్టుకొచ్చి పేపర్లో నిలబెట్టడం ఇష్టంలేక పేరు కూడా పెట్టలేదు. సిక్కోలు జిల్లా ఉద్దానంలో, కాశీబుగ్గ పక్క పల్లెవాడనుకోండి. ఊళ్ళో అందరికీ అతను బియ్యం బండోడు.

2025 మే 20. జూన్ 1 నుంచి ఇంటింటి రేషన్ బళ్ళు ఉండవని మంత్రివర్గం తేల్చేసింది. కార్డుదారులు మళ్ళీ డిపోకే నడవాలి. అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళకీ దివ్యాంగులకీ మాత్రం ఇంటికే సరుకు. రాష్ట్రంలో అలాంటి బళ్ళు 9,260. ఒక్కోటి సుమారు 5 లక్షల 81 వేలు. అరవై శాతం సబ్సిడీ, పది శాతం చేతి డబ్బు, మిగతాది బ్యాంకు అప్పు. 2021 జనవరి 21న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో వీటికి జెండా ఊపారు. అసలు ఇంటికే బియ్యమన్న ప్రయోగానికి తొలి అడుగు సిక్కోలు జిల్లాలోనే పడింది, 2019 సెప్టెంబరు 6న పలాసలో. అప్పుడు బళ్ళు లేవు. వాలంటీర్లు సంచులు మోసేవారు.

బళ్ళు ఆపరేటర్లకే వదిలేస్తామన్నారు మంత్రి నాదెండ్ల మనోహర్. అద్దె, హెల్పరు, పెట్రోలు అన్నీ కలిపి నెలకి వచ్చే ఇరవయ్యొక్క వేలు ఆగిపోయాయి.

"బండిచ్చీసినారు. ఏటి సేసుకోను?" అన్నాడు బియ్యం బండోడు రాత్రి అన్నం దగ్గర.

"నాలుగేళ్ళు ఈదులన్నీ తిరిగినావు. ఏ ఇంట్లో ఎవులు ఎప్పుడుంటారో నీకు తెలిసినట్టు ఏ కొట్టోడికి తెలుసు?" అంది భార్య.

మర్నాడే రంగు గోకడం మొదలెట్టాడు. ఆ రంగుకో కథ ఉంది. బళ్ళు రోడ్డెక్కిన కొత్తలోనే పంచాయతీ ఎన్నికలొచ్చి, రంగులు మార్చమని రాష్ట్ర ఎన్నికల సంఘం అంటే వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఇప్పుడు అతనికి అడ్డుచెప్పేవాళ్ళు లేరు. కానీ ఆర్సీలో రంగు కూడా రాసుంటుంది కదా, అది మార్పించుకోక తప్పదు.

రంగు కింద అసలు పని బయటపడింది. బియ్యం నూక రేకు మడతల్లోకి దూరి, ఉద్దానం ఉప్పుగాలికి చెమ్మ పట్టి, అడుగంతా తుప్పు. ఇనప బ్రష్షుతో మెరుపొచ్చేదాకా రుద్దాడు. చిల్లులుపడ్డ చోట జి.ఐ. షీటు అతికించి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలేశాడు. రెండో పూత ఎండకముందే వాన. మళ్ళీ మొదటికొచ్చింది.

అమెరికాలో 1930ల నాటి నుంచీ వస్తున్న ఎయిర్‌స్ట్రీమ్ అల్యూమినియం ట్రైలర్లను కాఫీ కొట్లుగా మార్చడం ఒక సరదా. పక్క కోసి కిటికీ పెడతారు. మన ఉద్దానం సందుల్లో ఆ ట్రైలర్ని మలుపు తిప్పాలంటే ఊరంతా చెయ్యి వెయ్యాలి! మన చిన్న బండికీ పక్క కోసెయ్యమన్నాడు వెల్డింగ్ కుర్రాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అలా మార్చకూడదు. కాబట్టి వెనక తలుపే కౌంటరు.

ఇనప యాంగ్లర్లతో రాక్‌లు కొట్టించాడు. కొత్త రాక్‌ల ముచ్చట తీరకముందే, ఓ మలుపులో బండి ఒక పక్కకి ఒరిగి నూనె ప్యాకెట్లన్నీ నేలమీద. ఈ బండి మోసేదే ముప్పావు టన్ను. ఇనుమే అందులో సగం తినేస్తే సరుకెక్కడ? అన్నీ పీకి ప్లైవుడ్ పెట్టాడు. అరల అంచుకి బీడింగు. ఉప్పూ నూనే పప్పులూ అడుగున, రెండు పక్కలా సమంగా. సబ్బులూ బిస్కట్లూ పైన. లైట్లకీ ఫ్యానుకీ వేరే బ్యాటరీ, లేకపోతే సాయంత్రం స్టార్టవదు. కొత్త కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర, తిండి సరుకుకి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్. మార్పు పనిలో నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే: సుత్తి పట్టుకునే గంటలకంటే కాగితాలు పట్టుకునే గంటలు తక్కువేం కావు.

మొదటి వీధిలో హారన్ కొట్టాడు. ఆడవాళ్ళంతా కార్డులూ సంచులూ పట్టుకుని బయటికొచ్చేశారు.

"ఓలమ్మ! బియ్యం కాదేటి?"

"కాదు మామ్మా. కొట్టు. నాదే."

ముసలమ్మ కార్డు కొంగున ముడేసి లోపలికి తొంగిచూసింది. "కందిపప్పు అరకిలో ఎంతరా?"

చెప్పాడు.

"సంతలో ఐదు తక్కువ."

"సంతకి ఆటోకెంతిస్తావే?"

"పోనీసి, తూచు. ముల్లు సరిగ్గా సూసి తూచు."

"ముల్లు లేదు మామ్మా, అంకెలే. సదువుకో."

"సదివినోళ్ళని పిలుస్తానుండు," అని మనవరాలికి కేకేసింది.